గాలానికి తీరిక మిగిల్చే ఉద్యోగాన్ని ఎంచుకోవడం ఎలా? దశలవారీ మార్గదర్శి

గాలం వేసేవాళ్లు ఉద్యోగం చూసుకునేటప్పుడు లెక్కపెట్టాల్సింది తెల్లవారుజాములను. చేప ఎర ముట్టే గంటల్లో, నిద్ర తీరిన కళ్లతో, ఫోను మోగదన్న నిశ్చింతతో నీటి ఒడ్డున కూర్చోగలిగే పూటలు ఏడాదికి ఎన్ని దొరుకుతాయి? క్యాలెండరులో ఎర్ర అంకెలు ఎక్కువున్న ఉద్యోగాలు చాలాసార్లు ఈ లెక్కలో తప్పిపోతాయి. ఎవరూ కోరుకోని మధ్యాహ్నం షిఫ్టు నెగ్గుతుంది. ఆ లెక్క ఎలా కట్టాలో, ఏ ఉద్యోగంలో ఎన్ని పూటలు మిగులుతాయో, ఎక్కడ దెబ్బ తింటారో వరసగా చూద్దాం.

1. ముందు మీ చేప ఏదో తేల్చుకోండి

చేపను బట్టి గంటలు మారతాయి, గంటలను బట్టి ఉద్యోగం మారాలి. కాబట్టి మొదటి పని ఇదే.

మీది కొర్రమీను అనుకుందాం. తెలంగాణ రాష్ట్ర చేప ఇది. పైకి వచ్చి గాలి పీల్చుకునే రకం కాబట్టి తామర, గుర్రపుడెక్క కమ్మిన చెరువుల్లోనూ బతుకుతుంది. చెరువులు తగ్గి, చేప ఒకచోటికి చేరే మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు దీనికి మంచి కాలం. రోజులో అయితే తెల్లవారాక మొదటి రెండు గంటలు, పొద్దువాలే ముందు గంటన్నర. కప్పబొమ్మ ఎరను ఆకుల మీదుగా లాగే పని కాబట్టి గంటలకొద్దీ కూర్చోనక్కర్లేదు. గంటన్నర దొరికినా చాలు. అంటే కొర్రమీను పట్టేవాళ్లకు రోజంతా సెలవు అవసరం లేదు, ఉదయం తొమ్మిదింటి వరకు ఖాళీ ఉంటే సరిపోతుంది. వానలు పడ్డాక మాత్రం ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన కదులుతుంటే ఆ కింద కాపలా ఉన్న జంటను వదిలేయాలి. వాటిని పడితే ఆ గుంపంతా పోయినట్టే.

బొచ్చె, రాగండి, బంగారుతీగ పట్టేవాళ్ల సంగతి వేరు. తవుడు, పల్లీచెక్క కలిపిన మేతను ఒకచోట వేసి, చేప ఆ చోటికి చేరేదాకా ఓపిక పట్టాలి. నాలుగైదు గంటలు ఏకబిగిన దొరకకపోతే మేత ఖర్చు తప్ప మిగిలేది ఉండదు. చలికాలంలో పొద్దున్నే నీరు చల్లగా ఉంటుంది కాబట్టి ఎండెక్కాకే ఇవి మేతకు వస్తాయి. వీళ్లకు రోజుకు గంటన్నర ఖాళీ ఇచ్చే ఉద్యోగం కన్నా వారానికి ఒక నిండు రోజు ఇచ్చేదే మేలు.

ఇక ఉప్పుటేళ్లలో, నది మొగల్లో పండుగప్ప పట్టేవాళ్లు. వీళ్ల గడియారం గోడ మీద ఉండదు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు పొంగడం), రెండు పాట్లు (నీరు తగ్గడం) వస్తాయి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏడు రోజులకు అది దాదాపు ఆరు గంటలు. ఈ ఆదివారం తెల్లవారుజామున పోటు ఉంటే, వచ్చే ఆదివారం అదే వేళకు పాటు చివరిలో ఉంటుంది. ఆ పై ఆదివారానికి మళ్లీ మొదటికి వస్తుంది. అంటే ఆదివారం ఒక్కటే సెలవుగా ఉన్నవాళ్లకు అనుకూలమైన నీరు వారం విడిచి వారమే దొరుకుతుంది. కాకినాడ, భీమిలి, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లు వారపు సెలవు మారుతూ ఉండే ఉద్యోగం చూసుకోవడమే మంచిది. మైదాన ప్రాంతం వాళ్లకు శాపంలా కనిపించే రొటేషన్ ఇక్కడ వరం.

2. ఒక్క పూటకు ఎన్ని గంటలు ఖర్చవుతున్నాయో లెక్క కట్టండి

కాగితం మీద రెండు వరసలు గీయండి. ఒకదాంట్లో ఇంట్లోంచి బయల్దేరి మళ్లీ ఇల్లు చేరి సామాను కడిగి పెట్టేవరకు పట్టే మొత్తం సమయం. రెండో దాంట్లో గాలం నీటిలో ఉన్న సమయం.

హైదరాబాదులో కూకట్‌పల్లి దగ్గర ఉంటూ 60 కిలోమీటర్ల అవతలి చెరువుకు వెళ్లేవాళ్లకు రానుపోను మూడు గంటలు, ఎర తేవడం, సర్దుకోవడం, కడగడం కలిపి ఇంకో గంట. ఒడ్డున మూడు గంటలు కూర్చోవడానికి ఏడు గంటలు పోతాయి. వారానికి ఐదు రోజుల పని ఉంటే ఏడాదికి 104 శని, ఆదివారాలు. అందులో సగం పెళ్లిళ్లకు, పిల్లల చదువుకు, ఇంటి పనులకు పోయాయనుకోండి. మిగిలిన 52 పూటల్లో 364 గంటలు ఖర్చుపెడితే గాలం నీటిలో ఉండేది 156 గంటలు.

చెరువు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో, పొద్దున తొమ్మిదికి పనిలోకి వెళ్లే మనిషిని తీసుకోండి. వారంలో రెండు రోజులు పొద్దున్నే గంటన్నర చొప్పున, 40 వారాలకు 120 గంటలు. 40 ఆదివారాలు మూడేసి గంటలు, ఇంకో 120. మొత్తం 240 గంటల గాలం. దారికి, సర్దుకోవడానికి ప్రతిసారీ అరగంట వేసుకున్నా ఖర్చయ్యేది 300 గంటలే. సెలవులు తక్కువైనా చేపలవేట ఎక్కువ, ఇంట్లో ఉండే సమయమూ ఎక్కువ. దూరాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉద్యోగం మారితే జీతం తగ్గుతుంది గానీ తీరిక పెరగదు.

సూర్యోదయాన్నీ చూసుకోవాలి. విశాఖలో హైదరాబాదు కన్నా దాదాపు 20 నిమిషాలు ముందు తెల్లవారుతుంది. తొమ్మిదింటి డ్యూటీకి ముందు ఆ 20 నిమిషాలు చాలా విలువైనవి.

3. ఒక్కో ఉద్యోగాన్ని ఈ లెక్కకు నిలబెట్టి చూడండి

*ప్రభుత్వ పాఠశాల టీచరు.* రెండు రాష్ట్రాల్లోనూ వేసవి సెలవులు ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి. అంటే కొర్రమీను కాలంలో దాదాపు సగం సెలవుల్లోనే గడుస్తుంది. దసరా, సంక్రాంతి సెలవులు అదనం. ఏడాదికి 15 సి.ఎల్.లు (క్యాజువల్ లీవులు) ఉంటాయి. వీటిని సగం పూట చొప్పున వాడుకోవచ్చు. జబ్బుకు, అవసరానికి ఐదు పక్కన పెట్టినా మిగిలిన పదింటితో 20 ఉదయాలు దొరుకుతాయి. ఇంత మంచి లెక్క ఇంకో ఉద్యోగంలో అరుదు. కానీ మూడు విషయాలు ముందే తెలుసుకోండి. పదో తరగతి మూల్యాంకనం, జనగణన, ఎన్నికల డ్యూటీలు వేసవిలోకి వచ్చి పడతాయి. గురుకులాల్లో అయితే రాత్రి స్టడీ అవర్లు, హాస్టల్ డ్యూటీలు ఉంటాయి కాబట్టి పేరుకే టీచరు, తీరికలో కాదు. మూడోది అన్నిటికన్నా పెద్దది: నోటిఫికేషన్. తెలంగాణలో 2017 తర్వాత మళ్లీ 2024లో, ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ 2025లో భర్తీ జరిగింది. చేతిలో ఉన్న పని వదిలేసి డీఎస్సీ కోసం కూర్చోవద్దు.

*బ్యాంకు.* 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు. మిగతా శనివారాలు పూర్తి పని. గాలం కోణంలో చూస్తే ఆఫీసరు ఉద్యోగానికీ క్లర్కు ఉద్యోగానికీ చాలా తేడా ఉంది. ఆఫీసరును దేశంలో ఎక్కడికైనా బదిలీ చేస్తారు, సాయంత్రాలు బ్రాంచిలోనే గడుస్తాయి. క్లర్కు సాధారణంగా రాష్ట్రం దాటడు, పల్లె బ్రాంచి కోరుకుంటే ఇచ్చే అవకాశమూ ఎక్కువ. ప్రమోషన్ పరీక్ష రాసేముందు ఈ లెక్క ఒకసారి కట్టండి. మార్చి నెలాఖరు మాత్రం ఎవరికైనా పోయినట్టే.

*మూడు షిఫ్టుల కర్మాగారం, గని, ఆసుపత్రి.* సాధారణంగా 6 నుంచి 2, 2 నుంచి 10, రాత్రి 10 నుంచి 6. రెండో షిఫ్టు వారమే గాలానికి అసలైన వారం. రాత్రి పదకొండుకల్లా పడుకుని, ఐదుకు లేచి, ఎనిమిదిన్నర దాకా ఒడ్డున ఉండి, ఇంటికొచ్చి రెండు గంటలు పడుకుని డ్యూటీకి వెళ్లొచ్చు. మొదటి షిఫ్టులో సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటిపడే దాకా దొరుకుతుంది. రాత్రి షిఫ్టు దిగి నేరుగా చెరువుకు వెళ్లాలనిపిస్తుంది. అక్కడే ప్రమాదం. రాత్రంతా మేలుకున్న మనిషి కట్ట మీద కునుకు తీస్తాడు, మోటారు సైకిలు మీదా కునుకు తీస్తాడు. ఆ వారంలో పొద్దున పడుకుని సాయంత్రమే వెళ్లండి. నైట్ డ్యూటీలు వరసగా పడే చోట ఆ తర్వాత ఇచ్చే ఆఫ్ రోజు మొదటి పూట నిద్రకే కేటాయించండి.

*ఐటీ, బీపీవో.* ఇంగ్లండు వేళల్లో పనిచేసే టీములో చేరడం ఈ రంగంలో ఉన్న మంచి దారి. అక్కడి తొమ్మిదింటికి మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. రాత్రి పదికో పదకొండుకో పని అయిపోతుంది, ఉదయాలన్నీ మీవే. అమెరికా షిఫ్టు తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో ముగుస్తుంది. వేకువకు రెండు గంటలే ఉంది కదా అని చాలామంది ఆశపడతారు. నిద్ర లేకుండా నెల తిరిగేసరికి ఒంట్లో సత్తువ పోతుంది. ఇంటి నుంచి పని ఉన్నవాళ్లు ఊరికి మారిపోతే దారి ఖర్చు తగ్గుతుంది. ఊళ్లో ఫైబర్ కనెక్షన్, కరెంటు పోతే రెండు గంటలు లాగే బ్యాకప్ ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. గట్టున కూర్చుని మీటింగు వినే అలవాటు మాత్రం చేసుకోవద్దు. బెండు మునిగినప్పుడే మీ పేరు పిలుస్తారు.

*సముద్రం మీద చమురు వేదికలు.* ఓఎన్‌జీసీ వంటి సంస్థల్లో 14 రోజులు వేదిక మీద, 14 రోజులు ఇంటి దగ్గర. ఏడాదికి సుమారు 180 రోజులు ఇంట్లో. పోటుపాట్ల పక్షం కూడా దాదాపు 15 రోజులే కాబట్టి ఇంటికొచ్చిన ప్రతిసారీ పెద్ద పోటు, చిన్న పోటు రెండూ చూడొచ్చు. పండుగప్ప వేటకు ఇంతకన్నా కుదిరిన ఉద్యోగం మాకు కనిపించలేదు. వైద్య పరీక్షలు కఠినం, సముద్ర భద్రతా శిక్షణ తప్పనిసరి, కుటుంబంలో ఏ కార్యం వచ్చినా సగంసార్లు మీరు ఉండరు. ఓడల మీద కొలువు పైకి ఇలాగే కనిపించినా ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టులో వేసవి మొత్తం పోవచ్చు.

*రైల్వే.* లోకో పైలట్‌కు పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. విశ్రాంతి గంటలు నియమం ప్రకారం ఉన్నా, అవి ఏ వేళలో పడతాయో మీ చేతిలో ఉండదు. స్టేషన్ మాస్టరుకు రోస్టరు నికరంగా ఉంటుంది. పెద్దగా రద్దీ లేని స్టేషన్లో, పక్కనే చెరువో కాలువో ఉంటే ఇంకేం కావాలి.

*సొంత పని.* పెళ్లి ఫొటోగ్రాఫర్లు, క్యాటరింగ్ వాళ్లు, డెకరేషన్ వాళ్లకు ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాల్లో తీరిక. కానీ వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు సరిగ్గా కొర్రమీను కాలంలోనే వస్తాయి. వీళ్లు చలికాలంలో బొచ్చె, రాగండి లాంటి కార్ప్ చేపల వైపు మొగ్గడం తెలివైన పని. ఏసీ మెకానిక్కు వేసవిలో ఊపిరాడదు. జీఎస్టీ, ఆదాయపన్ను పని చేసేవాళ్లకు నెలలో 11, 20 తేదీల ముందు రోజులు, జూలై నుంచి అక్టోబరు దాకా ఒత్తిడి. నవంబరు నుంచి కాస్త ఊపిరి. సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయర్లకు మే నెల సెలవులు బాగా కలిసొస్తాయి.

ఇక చేపలంటే ఇష్టం కాబట్టి చేపల రంగంలోనే చేరదామనుకునేవాళ్లకు ఒక మాట. భీమవరం, కైకలూరు వైపు ఆక్వా చెరువుల్లో నీటిలోని ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారే ముందే. రాత్రంతా నాచు, చేపలు ఆక్సిజన్ వాడుకుంటాయి, వెలుగు లేదు కాబట్టి కొత్తగా తయారు కాదు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే నీటిలోకి గాలి పంపే ఏరేటర్లు వేయించాల్సింది అక్కడి టెక్నీషియనే. మీరు గాలం పట్టుకుని ఉండాల్సిన గంటల్లో పడిపోతున్న ఆక్సిజన్ని చూస్తూ నిలబడతారు. మత్స్యశాఖలోనైతే చేపపిల్లల పంపిణీ వానాకాలమంతా పరుగులు పెట్టిస్తుంది. ఆ పని మీద ప్రేమ ఉంటే చేరండి, మంచి రంగం. గాలానికి తీరిక కోసం మాత్రం కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు: హ్యూస్టన్ వైపు చాలా చమురు, ఇంజనీరింగ్ కంపెనీల్లో తొమ్మిది రోజుల్లో 80 గంటలు పనిచేసి వారం విడిచి వారం శుక్రవారం సెలవు తీసుకునే పద్ధతి ఉంది. ఆఫర్ మాట్లాడుకునేటప్పుడే అడగండి. హెచ్‌1బీ మీద ఉంటే పార్ట్‌టైముకు మారడం మీ ఇష్టం కాదు, కంపెనీ పిటిషన్ సవరించాలి. గాలం వేయడానికి ఆయా రాష్ట్రపు లైసెన్సు తప్పనిసరి.

4. జీతం ఎంతకు తగ్గితే తట్టుకోగలరో తేల్చండి

గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి ఇంటి ఖర్చు సగటు కట్టండి. దానికి ఈఎంఐలు, స్కూలు ఫీజుల నెలవారీ వాటా, ఇంట్లో పెద్దవాళ్ల మందులు కలపండి. వచ్చిన మొత్తం మీద ఐదో వంతు అదనంగా వేసుకోండి. కొత్త జీతం అంతకన్నా తక్కువైతే ఆ ఉద్యోగం మీది కాదు. తీరిక కోసం వెళ్లి, డబ్బు చాలక సాయంత్రం ట్యూషన్లు, ఆదివారం పార్ట్‌టైములు పెట్టుకునేవాళ్లు ఎక్కువ. గాలం సామాను మీద పోయేది తక్కువే. మొదలుపెట్టడానికి రాడ్డు, రీలు, దారం, గాలాలు కలిపి సుమారు నాలుగైదు వేలు. పెట్రోలే అసలు ఖర్చు.

చేతిలో ఆరు నెలల ఖర్చు, సొంత పనిలోకి దిగేవాళ్లకు ఏడాది ఖర్చు నిల్వ ఉండాలి. కంపెనీ ఆరోగ్య బీమా పోయేముందే సొంత పాలసీ తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండాల్సి రావచ్చు. ఐదేళ్లు నిండడానికి కొన్ని నెలలే ఉంటే గ్రాట్యుటీకి అర్హత వచ్చేదాకా ఆగండి.

5. చేరేముందు అడగాల్సినవి

హెచ్‌ఆర్ వాళ్లు చెప్పేది కాకుండా, ఆ పనిలో ఉన్న ఇద్దరిని అడగండి. గత రెండు నెలల రోస్టరు చూపించమనండి, అందులో ఆఫ్ రోజుల్లో ఎన్నిసార్లు పిలిచారో అడగండి. రిలీవర్ రాకపోతే ఎవరు నిలబడతారు? షిఫ్టు మార్చుకోవడానికి ఎవరి సంతకం కావాలి? కాంపాఫ్ (సెలవు రోజు పనిచేసినందుకు బదులుగా ఇచ్చే సెలవు) ఎన్ని రోజుల్లో వాడుకోకపోతే పోతుంది? సెలవు రోజు ఫోను ఎత్తకపోతే ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్నకు వాళ్లు నవ్వితే ఆ ఉద్యోగం గురించి మీకు కావలసింది తెలిసిపోయింది.

పోస్టింగ్ ఎంచుకునే వీలుంటే మ్యాపులో నీళ్లు వెతకండి. అయితే కనిపించిన ప్రతి నీటిలోనూ గాలం వేయడానికి లేదు. కొల్లేరు, మంజీర, పాకాల వంటివి వన్యప్రాణి అభయారణ్యాలు. అక్కడ చట్టం అడ్డొస్తుంది. ఊరి చెరువుల్లో చాలావాటి మీద మత్స్య సహకార సంఘాలకో, వేలం పాడుకున్నవాళ్లకో హక్కు ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం, కాబట్టి పడవెక్కి సముద్రంలో గాలం వేసే ఆలోచన ఉన్నవాళ్లు ఆ 61 రోజులు తీసేసి లెక్క కట్టాలి.

6. మూడు నెలలు పరీక్షించి చూడండి

రాజీనామాకు ముందు, ఉన్న ఉద్యోగంలోనే షిఫ్టు మార్పు అడగండి. చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది. కుదరకపోతే మూడు నెలలు కొత్త జీతమే వస్తున్నట్టు బతకండి. తేడా మొత్తాన్ని నెల మొదటి తేదీనే వేరే ఖాతాలో వేయండి. మధ్యలో ఎన్నిసార్లు దాన్ని కదిపారో చూస్తే సంగతి తెలుస్తుంది.

ఇంట్లో మాట్లాడటం వాయిదా వేయొద్దు. తగ్గే జీతం ఇల్లంతా మోస్తుంది, దొరికే తీరిక మీ ఒక్కరిదే అయితే ఆ ఏర్పాటు నిలవదు. వారంలో ఏ పూటలు గాలానివి, ఏవి ఇంటివి అన్నది పేర్లతో సహా అనుకోండి. పొద్దున్నే వెళ్లి పిల్లలు బడికి బయల్దేరే వేళకు తిరిగొచ్చే పద్ధతి ఎక్కువ ఇళ్లలో కుదురుతుంది.

నోటీసు కాలం 60 నుంచి 90 రోజులు ఉండే కంపెనీల్లో ఏప్రిల్ మొదలయ్యేసరికి బయటపడాలంటే జనవరి మొదట్లోనే కాగితం పెట్టాలి.

7. కొత్త ఊళ్లో మొదటి నెల

సామాను దించుకున్న వారంలోనే మత్స్య సంఘం అధ్యక్షుణ్ని కలవండి. ఒక్క గాలమే వేస్తామని, చిన్న చేపను వదిలేస్తామని, పట్టింది అమ్మబోమని చెప్పి అనుమతి అడగండి. పూటకింత అని అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. చేపపిల్లలు వదిలిన రోజుల్లో, వలలు వేసే రోజుల్లో అటు పోవద్దు. గాలం వేయకుండా రెండు ఉదయాలు కట్ట మీద నడవండి. తూము దగ్గర లోతెంత, అలుగు వైపు ఆకు ఎక్కడిదాకా ఉంది, ఎటు గాలికి చెత్త ఏ మూలకు చేరుతుంది అన్నవి గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి ఆఫీసు గేటుకు ఎన్ని నిమిషాలు పడుతుందో బట్టలు మార్చుకునే సమయంతో కలిపి ఒకసారి కొలిచి, ఫోనులో అలారం ఆ వేళకు పెట్టుకోండి. మొదటి నెలలోనే ఆలస్యంగా వచ్చే మనిషి అనిపించుకుంటే, అడిగిన షిఫ్టు తర్వాత ఎవరూ ఇవ్వరు.